ఫౌంటెన్‌లో పుష్కరస్నానం

ఇతరుల నీళ్ళలో ఏముందో చెప్పడం నా ఉద్యోగం. అమెరికాలో క్యారీ అనే ఊరికి దగ్గర్లోని ఒక ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నాను. అపార్ట్‌మెంట్ల స్విమ్మింగ్ పూల్స్, హోటళ్ళ హాట్ టబ్‌లు, పిల్లలు తడిసి ఆడుకునే పార్కులు, అన్నిటి నీళ్ళూ చిన్న చిన్న సీసాల్లో నా బల్ల మీదికి వస్తాయి. ఈ సంగతి తెలిసినవాళ్ళు మా ఇంటికి వస్తే మంచినీళ్ళు నిశ్చింతగా తాగుతారు. నేను వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి గ్లాసు వంక కాస్త తేరిపార చూస్తే మాత్రం నొచ్చుకుంటారు. అందుకని చూడను. మొహమాటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, దాన్ని పట్టే పరీక్ష మా ల్యాబ్‌లో లేదు.

గోదావరి పుష్కరాలు వచ్చిన ఏడాది సంగతి ఇది. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు. మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కులాంటి డాక్టర్ అంకుల్ ఒకాయన ఉండేవారు. డెబ్భైల్లోనే ఈ దేశం వచ్చి, గుండెజబ్బులకు వైద్యం చేసి చేసి రిటైరైన మనిషి. నాకు నొప్పులొచ్చినప్పుడు మా ఆయన ఊళ్ళో లేకపోతే, నన్ను హాస్పిటల్‌కి డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది ఆయనే. ఆయన భార్య, ఆంటీకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయి, అంతదూరం విమానంలో కూర్చునే పరిస్థితి లేదు. పుష్కరస్నానం దక్కలేదని ఆవిడ దిగులుపడుతుంటే అంకుల్ చూడలేకపోయారు. బంధువెవరో రాజమండ్రి నుంచి తెచ్చిన గోదావరి నీళ్ళు వాళ్ళింట్లో ఒక రాగిచెంబులో ఉన్నాయి. వాటిని వేరే నీళ్ళలో కలిపి, సంకల్పం చెప్పుకుని మునిగితే గోదావరిలో మునిగినట్టేనని పురోహితుడొకాయన ఫోన్‌లో భరోసా ఇచ్చారట. ఇక వెతుక్కోవలసింది ఆ వేరే నీళ్ళనే.

దానికోసం అంకుల్ ఇంట్లో మీటింగ్ పెట్టారు. మీటింగ్ పెట్టుకోకుండా మనవాళ్ళు ఈ దేశంలో మునగరు కూడా. చెరువులో దిగుదామంటే తాబేళ్ళు కరుస్తాయన్నారు ఒకరు. కమ్యూనిటీ పూల్‌లోకి చీరతో రానివ్వరని, రానిచ్చినా ఆ క్లోరిన్ వాసనలో భక్తి నిలవదని ఇంకొకరు. చివరికి అంకులే షాపింగ్ కాంప్లెక్స్ ముందున్న ఫౌంటెన్ సంగతి ఎత్తారు. మోకాలి లోతు నీళ్ళు, చుట్టూ కూర్చోడానికి రాతిగట్టు, ఆంటీ దిగడానికి సులువు. పైగా పుష్కరస్నానం పారే నీళ్ళలోనే చేయాలి. పూల్‌లోవి నిలవ నీళ్ళు, ఫౌంటెన్‌లోవి ఇరవై నాలుగు గంటలూ పారుతూనే ఉంటాయి. అందరూ తలలూపారు. ఊపినవాళ్ళలో పంపులు తయారుచేసే కంపెనీలో పనిచేసే ఇంజనీరు కూడా ఉన్నాడు.

అందం కోసం కట్టిన ఫౌంటెన్‌లో నీళ్ళు ఎక్కడికీ పారవు. అడుగున ఉన్న పంపు అవే నీళ్ళని పైకి చిమ్ముతుంది, అవే కిందపడి మళ్ళీ పంపులోకి వెళతాయి. స్నానాల కోసం కట్టలేదు కాబట్టి పూల్‌కి ఉన్నంత శుద్ధి దీనికి ఉండదు. ఉన్న కాస్త క్లోరిన్ ఎండకి ఎగిరిపోతుంది. బాతులు వాలతాయి, కుక్కలు నాలుక పెడతాయి, డైపర్లతో ఉన్న పసివాళ్ళని తల్లులు ముచ్చటపడి అందులో కూర్చోబెడతారు. ఆ నీళ్ళు మింగితే విరేచనాలు, ఒంటికి తగిలితే దద్దుర్లు, ఆ తుంపరలు పీలిస్తే ముసలివాళ్ళకి న్యుమోనియా కూడా రావచ్చు. ఇదంతా నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మెలకువగా ఉండి, ఎవరూ అడగకపోతేనే కష్టం.

అయినా టీ కప్పులు లోపల పెట్టే వంకతో అంకుల్ వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను.

“అంకుల్, అవి పారే నీళ్ళలా కనిపిస్తాయి గానీ, అవే నీళ్ళు రీసర్క్యులేట్ అవుతుంటాయి,” అన్నాను.

“లోకంలో నీళ్ళన్నీ అంతే కదమ్మా. సముద్రం, మబ్బు, వాన. అంతా రీసర్క్యులేషనే,” అని నవ్వారాయన.

నేనూ నవ్వాను. ఒక డాక్టరుకి, అందులోనూ నన్ను కాన్పుకి తీసుకెళ్ళిన మనిషికి, సూక్ష్మజీవుల గురించి పాఠం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పక్కగదిలో ఆంటీ ఏ చీర కట్టుకోవాలో ఎవరినో సంబరంగా అడుగుతున్నారు. ఆవిడ గొంతు విన్నాక ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ నుంచి ఒక సీసా తీసుకుని, ఎవరూ చూడకుండా ఆ ఫౌంటెన్ నీళ్ళు పట్టుకొచ్చి, సూక్ష్మజీవులుంటే పెరిగేలా ల్యాబ్‌లోని ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ఫలితం రావడానికి ఒక రాత్రి, మర్నాడు ఇంకో పూట పడుతుంది. స్నానం శనివారం పొద్దున ఆరున్నరకి. అంటే అందరూ మునిగే వేళకి నా దగ్గర రిజల్ట్ ఉండదు. రిజల్ట్ లేకుండా ఏమీ చెప్పకూడదని మా వృత్తిలో ఒక నియమం. ఆ నియమం నాకు ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపట్టించిందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాట్సాప్‌లో సూచనలు వచ్చాయి. టవల్, పొడి బట్టలు తెచ్చుకోవాలి. సబ్బు, షాంపూ వాడరాదు, నీళ్ళు పాడవుతాయి.

పొద్దున్నే షాపులింకా తెరవలేదు. గట్టు పక్కన బోర్డు మీద ఈ నీళ్ళలో దిగరాదని, తాగరాదని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసి ఉంది. ఎవరో దానికి టవళ్ళు తగిలించారు. అంకుల్ రాగిచెంబులోంచి సగం నీళ్ళు ఫౌంటెన్‌లో పోసి, నదుల పేర్లన్నీ తలుచుకుని, సంకల్పం చెప్పించారు. ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుంటే ఆంటీ నీళ్ళలో కూర్చుని మూడుసార్లు తల తడుపుకున్నారు. ఆవిడ ఏడ్చారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి మాత్రం శుభ్రమైనవేనని చెప్పగలను.

తరవాత జరిగింది ఎవరి ప్లాన్‌లోనూ లేదు. పిల్లలందరికీ కొంచెం తీర్థం ఇద్దామని అంకుల్‌కి అనిపించింది. చెంబులో మిగిలిన నీళ్ళు చాలవని దాన్ని ఫౌంటెన్‌లో ముంచి నింపారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. మా అమ్మాయి కుడిచెయ్యి గోకర్ణంలా పట్టి, కింద ఎడమచెయ్యి ఆన్చింది. గుళ్ళో నేను నేర్పించినదే. అమెరికాలో పుట్టిన పిల్ల ఇంత పద్ధతిగా తీర్థం పుచ్చుకుంటుందని నాకు మహా గర్వం. పక్కనున్న ఆంటీలు, “ఎంత చక్కగా పెంచావమ్మా,” అన్నారు. పాప నీళ్ళు చేతిలో పట్టుకుని తాగేముందు ఒకసారి నా వంక చూసింది.

మూడడుగుల దూరంలో ఉన్నాను. వద్దు అనడానికి రెండక్షరాలు చాలు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను నవ్వాను. పాప జుర్రుమని తాగి, మిగిలిన తడి తలకి రాసుకుంది.

ఆ సాయంత్రం ల్యాబ్‌కి వెళ్ళి, నమూనా పోసిన గడుల ట్రేని అల్ట్రావయొలెట్ లాంప్ కింద పెట్టాను. మలంతో కలుషితమైన నీళ్ళయితే గడులు వెలుగుతాయి. దాదాపు అన్నీ వెలిగాయి. ఇక రిజల్ట్ లేదనడానికి లేదు. గ్రూపులో మెసేజ్ పెట్టాను: “వీలైతే అందరూ సబ్బుతో ఒకసారి వేడినీళ్ళ స్నానం చేస్తే మంచిదేమో.” చివర్న నమస్కారం బొమ్మ కూడా పెట్టాను. పుణ్యస్నానం చేసినరోజు మళ్ళీ స్నానం చేస్తే పుణ్యం కొట్టుకుపోతుందని ఒకాయన జవాబిచ్చారు. దానికి పదకొండు లైకులు వచ్చాయి.

రెండోరోజుకి పాపకి జ్వరం, కడుపునొప్పి. మూడోరోజు విరేచనాల్లో నెత్తురు పడింది. హాస్పిటల్‌లో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. షిగెల్లా అనే బాక్టీరియా అని తేలింది, అది సోకడానికి ఒక్క గుక్క నీళ్ళు చాలు. ఆ చిన్నచెయ్యి, నేను అంత ముచ్చటపడిన చెయ్యి, సూదితో, ప్లాస్టర్‌తో దుప్పటి మీద పడి ఉంటే చూడలేక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంకో నలుగురు పిల్లలకీ ఇదే వచ్చింది గానీ ఇంట్లోనే తగ్గింది. ఆంటీకి ఒళ్ళంతా దద్దుర్లు. అంకుల్‌కి ఏమీ కాలేదు.

కౌంటీ ఆరోగ్యశాఖ నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. అన్నీ మర్యాదగా అడిగి, చివర్లో ఆ నీళ్ళని ఎవరైనా టెస్ట్ చేశారా అంది. నేనే చేశానన్నాను. ఎప్పుడని అడిగింది. స్నానానికి ముందురోజు శాంపిల్ తీశానన్నాను. అవతల అది కూడా టైప్ చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

అంకుల్ ఆ రెండు రోజులూ హాస్పిటల్‌కి వచ్చి పాప చార్టు చూశారు. రెండోరోజు చార్టు పక్కన పెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“తప్పు నాదేనమ్మా. కానీ ఆ రోజు వంటింట్లో ‘వద్దంకుల్’ అని ఒక్కమాట గట్టిగా అని ఉంటే ఆగిపోయేవాణ్ణి. నీ పని అదే కదా?”

ఆయన నొచ్చుకుంటారని నేను ఊహించుకున్న మొహం, నా ఎదురుగా ఉన్న మొహం ఒకటి కావు. నిజంగానే ఆగిపోయేవారు.

పాప కోలుకున్న నెలకి గుడికి వెళ్ళాం. పూజారిగారు తీర్థం పట్టుకొచ్చారు. మా వెనకాల చాలామందే ఉన్నారు, అందులో ఆ రోజు పెంపకాన్ని మెచ్చుకున్న ఆంటీలూ ఉన్నారు. పాప అలవాటుగా చెయ్యి చాపింది. నీళ్ళు పడ్డాక నా వంక చూసింది.

“అమ్మా, నువ్వు ఇది టెస్ట్ చేశావా?”

పూజారిగారు కూడా నా వంకే చూశారు. ఏం కాదు, తాగమ్మా అంటానని ఆయన ఎదురుచూస్తున్నారు. అవి గుడి కుళాయి నీళ్ళు, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు మంచివే.

“లేదు,” అన్నాను, అందరికీ వినిపించేలాగే.

పాప నా మొహంలో నవ్వుందేమోనని ఒక్క క్షణం వెతికింది. తరవాత నీళ్ళు నెమ్మదిగా పళ్ళెంలోకి వంచేసి, చెయ్యి గౌనుకి తుడుచుకుంది.