తడి చీరల ఏరియల్

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ జబ్బు ఆ రోజుల్లో నాకు కాస్త ముదిరింది. అప్పటికే మా కామాటిపుర చాల్‌లో ప్రతి ఖోలీలోనూ (మేముండే ఒంటి గదికి ఆ పేరు, అలాంటి గదుల వరసలున్న పాత మేడ చాల్) రెండేసి మొబైల్ ఫోన్లుండేవి. అలాంటి కాలంలో నేను పట్టుబట్టి హామ్ రేడియో పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, పాత సెట్టొకటి సంపాదించి, ఫోనూ టవరూ లేకుండా ఒక్క తీగతో పాలమూరుతో మాట్లాడతానని గ్యాలరీలో నిలబడి ప్రకటించాను. "ఫోన్ జేస్తె అయిపాయె గదరా?" అంది మా నాయనమ్మ. మేస్త్రీ పనికి బయలుదేరిన తాత వెంట పాలమూరు నుంచి వచ్చి, ఇక్కడే ముసలిదైపోయిన మనిషి. ఆ మాట వినబడనట్టు నేను టెరేస్ మెట్లెక్కాను.

నేను మాట్లాడదలచిన బ్యాండుకు ఏరియల్‌గా సుమారు ఇరవై మీటర్ల రాగి తీగ కావాలి. అంత పొడుగు చోటు మా టెరేస్ మీద ఈ ట్యాంకు నుంచి ఆ ట్యాంకు దాకా తప్ప ఎక్కడా లేదు. చాల్ కమిటీ సెక్రెటరీ మామ (వరస కలుపుకున్న మామే, అల్లుడన్న ప్రేమ ఎన్నడూ కనబరచలేదు) వెదురు నిలబెట్టనివ్వలేదు, తలెత్తున కట్టుకోమన్నాడు. పైగా గడువొకటి. "పిడుగు వడితె జిమ్మేదారి ఎవలిది? అయితారం దాకా సూస్త. అందరి ముంగట మాట్లాడి సూపియ్యి. లేకుంటె తీగె ఇప్పి భంగార్‌ల ఏస్త." ఆ తీగ పాత సామాన్లవాడి పాలైతే నాకు ఇంకో చోటు లేదు. లైసెన్సు గోడకు తగిలించుకుని దణ్ణం పెట్టుకోవడమే.

తలెత్తున కట్టిన తీగ మా చాల్‌లో ఎంతసేపు ఖాళీగా ఉంటుంది? మర్నాడు పొద్దున మీటరు పట్టుకుని పైకి వెళ్లేసరికి ఆ కొస నుంచి ఈ కొస దాకా చీరలు, లుంగీలు, నీళ్లోడుతున్న ఒక దుప్పటి. నల్లా వచ్చేది తెల్లారగట్ల, ఉతుకుడంతా అప్పుడే. ఇక మా చాల్‌లో ఒకరు ఆరేసిన బట్ట ఇంకొకరు ముట్టుకోకూడదు. పక్కకు జరిపినందుకు ఏళ్ల తరబడి మాటల్లేని ఇళ్లు నాకు తెలుసు. కనుక ఆడవాళ్లు కిందికి దిగేదాకా ఆగి, ఆ బట్టల కిందే కూచుని ట్యూనింగ్ మొదలుపెట్టాను. సెట్టు పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో మీటరు ముల్లు చెబుతుంది. తీగ పొడుగ్గా ఉంటే ముల్లు దిగేదాకా కొసలు కొంచెం కొంచెం కత్తిరించాలి. కత్తిరించాను. ఇంకా కత్తిరించాను. ముల్లు చక్కగా దిగి కూచుంది. మిగతా రోజుల్లోనూ పొద్దున్నే చూసి మురిసిపోయి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఏరియల్ శాస్త్రం బోధించాను.

ఆదివారం ఎనిమిదింటికి పాలమూరులో ఒక పెద్దాయన రేడియో మీదికి వస్తారని ఏర్పాటు (ఆ ఏర్పాటు ఫోన్‌లో చేసుకున్నాను, దాచడమెందుకు). టెరేస్ నిండిపోయింది. సెక్రెటరీ మామ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు. నేను మైకు నొక్కగానే ముల్లు ఎగిరి ఎర్ర గీత దాటింది. పెద్దాయన నన్ను పిలవడం అందరికీ వినిపిస్తోంది. నేను గొంతు చించుకుంటున్నది మాత్రం ఆయనకు అందడం లేదు. ఎదురు ఖోలీ అత్త జాలిపడింది. "నీ ఇజ్జత్ సవాలని పొద్దుగాల ఎవ్వరం బట్టలు ఏయలే బిడ్డా. మొత్తం సాఫ్ జేసినం. ఇంకేం గావాలె?"

అప్పుడు వెలిగింది. తడిబట్టలు మోసే తీగ తన పొడుగు కంటే పొడుగైనట్టు నడుచుకుంటుంది. నేను కొసలు కత్తిరించింది చీరలతో కలిపి. చీరలు పోతే మిగిలింది పొట్టి తీగ. "అత్తా, జర బట్టలు తడిపి ఏస్తరా?" అన్నాను. ఎవరూ కదల్లేదు. సెక్రెటరీ మామ లేచి, "వీని దిమాగ్ ఖరాబైంది. ఇప్పుండ్రి తీగె" అన్నాడు.

నాయనమ్మ కిందికి దిగి, పెట్టెలో మడతపెట్టుకున్న రెండు మంచి చీరలు తెచ్చి, బకెట్లో ముంచి, పిండకుండానే తీగ మీద వేసింది. అది చూసి అత్త కదిలింది. అత్తను చూసి మిగతావాళ్లు. ఎవరూ తీగ ముట్టవద్దని అరిచి మైకు నొక్కాను. ముల్లు దిగింది.

పెద్దాయన నన్ను అందుకుని, రేడియోవాళ్ల ఆనవాయితీ ప్రకారం, ఏరియల్ ఏమిటని అడిగారు. "డైపోల్ అండీ, ఒట్టి రాగి తీగ. నేనొక్కణ్ణే కట్టుకున్నాను" అన్నాను. మైకు వదిలే లోపలే వెనక నుంచి నాయనమ్మ, "మా చీరెల సంగతి జెప్పవేందిరా?" అంది. పాలమూరు దాకా వినిపించింది. ఆయన నవ్వు టెరేస్ అంతా విన్నది. లైసెన్సు లేనివాళ్లు మాట్లాడకూడదు కాబట్టి, నాయనమ్మ వానల సంగతి అడుగుతోందని నేనే చెప్పాను. "నిన్న మంచిగ కొట్టిందని చెప్పు బాబూ. జొన్నలేస్తున్నరు" అన్నారాయన. "వాన వడ్డదంట" అని నాయనమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పింది. అందరూ విన్నారు కదా అని ఎవరూ అనలేదు.

"ఉండనియ్యుండ్రి, బట్టలకు పనికొస్తది" అన్నాడు సెక్రెటరీ మామ. కమిటీ పుస్తకంలో టెరేస్ మీద కొత్త బట్టల తీగకు అనుమతి ఇచ్చినట్టు రాశారు. రేడియో ఊసే లేదు. కింద నేను కృతజ్ఞతలతో సంతకం పెట్టాను.

రెండు కొసలా మూరెడేసి తీగ అతికిస్తే పీడా పోయేది, పావుగంట పని. ఆ తర్వాతి ఆదివారం తీగముక్కలు జేబులో పెట్టుకుని పైకి వెళ్తే, నాయనమ్మ అప్పటికే తడిచీర భుజాన వేసుకుని నిలబడి ఉంది. "పల్లికాయ ఏసిండ్రా లేదా అడుగు" అంది. ముక్కలు జేబులోనే ఉండిపోయాయి. ఆమె మెట్లెక్కగలిగినన్నాళ్లూ ఆ తీగను బాగుచేయలేదు.

ఇప్పుడు నాది కొన్న ఏరియల్. ఎండకూ వానకూ ముల్లు కదలదు. అవతలివాళ్లు ఏరియల్ ఏమిటని అడిగితే కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటాను. మైకు వదిలాక మాత్రం, అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రవాడు తెలిసి తెలిసీ ఆ ఒక్క పని చేయకుండా వదిలేసినందుకు, నాలో నేనే నవ్వుకుని వాణ్ణి కాస్త మెచ్చుకుంటాను.