మైకులో పడ్డ నా గొంతు

నా గొంతు బాగుంటుందని చిన్నప్పటి నుంచి నాకో నమ్మకం. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ నమ్మకం లేదు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి ఒడిశాలోని బరంపురం వచ్చి స్థిరపడ్డారు. ఆ క్వార్టర్లలో పెరిగిన నాకు, స్టేషన్లో బళ్ళ రాకపోకలు చెప్పే ఆవిడనైపోవాలని ఉండేది. చివరికి సముద్రం ఒడ్డు పల్లెలో ఒకటో తరగతి టీచర్నయ్యాను.

ఆ పల్లెలో ఉన్నవాళ్ళంతా తరాలుగా చేపలు పట్టుకుని బతుకుతున్న తెలుగువాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈ ఏడాది బడి తెరవగానే, ఎప్పటి సంగతులు అప్పుడు తల్లిదండ్రులకు చేరవెయ్యమని మా హెడ్మాస్టరు ఫోన్లో గ్రూపు పెట్టించారు. మొదటి వారం నేను ముత్యాల్లాంటి ఒడియాలో రాసి పంపాను. నీళ్ళ సీసా ఇచ్చి పంపండి, ఎండ ముదరకముందే వచ్చి తీసుకెళ్ళండి, ఇలాంటివే. ఒక్కరూ చదవలేదు. మగవాళ్ళు తెల్లారకముందే బోటు మీద వెళ్ళిపోతారు, ఆడవాళ్ళు చేపల గంపలు పట్టుకుని బస్సెక్కుతారు. చదివే తీరిక ఎవరికుంది? అప్పుడు నాలోని స్టేషన్ ఆవిడ నిద్ర లేచింది. రాయడం మానేసి, తెలుగులో మాట్లాడి వాయిస్ మెసేజిలు పంపడం మొదలుపెట్టాను.

మర్నాటికే పిల్లలు తలకు నూనె రాసుకుని, నీళ్ళ సీసాలు మెళ్ళో తగిలించుకుని వచ్చారు. గోళ్ళు తియ్యమని చెప్పాను. మా క్లాసు వాళ్ళే కాదు, నాకు ఏ సంబంధమూ లేని నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు కూడా గోళ్ళు తీయించుకుని వచ్చారు. కనీసం అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో తోటి టీచర్లకు రెండు మూడు సలహాలు కూడా పారేశాను. ఇంట్లో మా ఆయనకు ఒక మెసేజి వినిపిస్తే, బాగుంది, ఇంతకీ ఎన్నో నంబరు ప్లాట్‌ఫాం మీదికొస్తుంది అని అడిగారు. కుళ్ళు అనుకున్నాను.

మా క్లాసులో ఒక పిల్ల ఉంది. ముందు వరసలో కూర్చోబెట్టినా బోర్డు మీద అక్షరం చెప్పలేదు. అదే అక్షరం పుస్తకంలో చూపిస్తే, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని గడగడా చెప్పేస్తుంది. మొద్దు కాదు, చూపు ఆనడం లేదు. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టించకపోతే వెనకబడుతుంది, వెనకబడితే బడి మానేస్తుంది, మానేస్తే తల్లి గంప వెనకాల నడుస్తుంది. అలా నడిచి వెళ్ళిపోయిన పిల్లల్ని నేను చూశాను. ఇది గ్రూపులో పెట్టకూడదన్న ఇంగితం నాకూ ఉంది. అందుకే వాళ్ళ ఇంటివాళ్ళు ఇచ్చిన నంబరుకే విడిగా, పిల్ల పేరు స్పష్టంగా పలికి మరీ, బరంపురం తీసుకెళ్ళి కళ్ళు చూపించమని మెసేజి పంపాను.

మర్నాడు తల్లి వచ్చింది. పక్కన పిల్ల లేదు. నెత్తిమీద గంప దించకుండానే వరండాలో అందరి ముందూ అడిగింది.

"మా గుంటకి కళ్ళు అగుపడవని ఊరంతకీ మైకులో సెప్పించినారు. ఏటి దిదీ, రేపు దానికి మనువెలగ అవుతాది?"

ఆడ టీచర్లను ఇక్కడ దిది అనే పిలుస్తారు. ఆ పిలుపు ఎప్పుడూ అంత బరువుగా వినపడలేదు నాకు. మైకేమిటో మాత్రం అర్థం కాలేదు. కాస్త శాంతించాక ఆవిడే చెప్పింది. వాళ్ళింట్లో ఫోను లేక ఊరి కమిటీ పెద్దాయన నంబరు ఇచ్చారట. ఆయన మనవడు మా క్లాసే. ఫోన్లు లేని ఇళ్ళకు కూడా అందాలని ఆయన రోజూ సాయంత్రం నా మెసేజిలను కమిటీ గదిలోని మైకు దగ్గర పెట్టి వినిపిస్తున్నాడు. తుపాను హెచ్చరికలు చెప్పే మైకు అది. టీచరు దగ్గర్నుంచి వచ్చిందేదైనా ఊరి కోసమే అనుకుని ఇదీ వేసేశాడు. పిల్లలు గోళ్ళు తీయించుకున్నది నా గొంతు కమ్మదనానికి కాదు, తుపాను మైకులో చెప్పారు కాబట్టి.

పిల్లను ఇంక పంపనని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళింటికి వెళితే తలుపు తియ్యలేదు. కమిటీ పెద్దాయన నాకంటే ఎక్కువ బాధపడి, పిల్లకు కళ్ళు బాగానే కనిపిస్తాయని మళ్ళీ మైకులో చెప్పేస్తానన్నాడు. వద్దు బాబూ అని దండం పెట్టి, మైకు నాకిమ్మన్నాను.

"నాకూ సిన్నప్పట్నుంచి దూరం అగుపడదు," అన్నాను మైకులో. "కంట్లో పెట్టుకున్న అద్దాలు మీకు తెలవవు, అంతే."

కళ్ళజోడు పెట్టుకుంటే పెద్దదానిలా ఉంటానని లెన్సులు వాడతానన్న సంగతి చెప్పేశాను. అక్కడితో ఆగచ్చు. కానీ మైకు చేతికొస్తే ఆగే రకం కాదు నేను. పెళ్ళిచూపుల నాడు మా అమ్మ నా కళ్ళజోడు తీయించేసిందని, కాఫీ తీసుకెళ్ళి పెళ్ళికొడుకనుకుని అతని మేనమామను చూసి తెగ సిగ్గుపడ్డానని, తరవాత వంటింట్లో మా అమ్మతో వయసు కాస్త ఎక్కువే గానీ పరవాలేదు అన్నానని, అంతా చెప్పేశాను. అయినా నా పెళ్ళి ఆగలేదని, అదీ మేనమామతో కాలేదని ముగించాను. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళ నవ్వులు గది దాకా వినిపించాయి. ఆ పిల్ల ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఉన్న పరువు కూడా ఒడ్డున పారేసి, ఉత్తచేతులతో బస్సెక్కాను. చాలా దిగులేసింది.

పిల్ల మర్నాడూ రాలేదు. ఆ వారాంతంలో కమిటీ పెద్దాయన నంబరు నుంచి ఫోనొచ్చింది. తీస్తే ఆ తల్లి గొంతు. ఆస్పత్రికి ఎప్పుడు రమ్మంటారని ఒక్క ముక్క అడిగింది.

బరంపురంలో హల్దియాపదర్ బస్టాండులో దిగిన తల్లీకూతుళ్ళను నేనే తీసుకెళ్ళాను. కళ్ళు పరీక్ష చేసి చీటీ రాసిచ్చారు. అద్దాలు తయారయ్యాక మళ్ళీ ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. జోడు పెట్టగానే పిల్ల ముందు వాళ్ళమ్మను చూసి నవ్వింది. తరవాత నా వైపు తిరిగి, కిందనుంచి పైదాకా తీరిగ్గా చూసింది. ఇన్నాళ్ళూ దానికి నేను ఒట్టి గొంతునే.

"అమ్మా, దిది ముసిల్ది," అంది.

తల్లి దాని నోరు ముయ్యలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"బయపడకండి దిదీ," అంది. "ఈ మాట మేం మైకులో ఎయ్యం."