మాట్లాడిన మంచం

మాది పరుపులు కుట్టే ఇల్లు. మా మామగారు బతికున్న రోజుల్లో దూది ఏకి, పరుపులు కుట్టి, ఇందుకూరుపేట చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళకు పంపేవారు. ఇప్పుడు మా ఆయన దూదితోపాటు ఫోమ్ పరుపులు కూడా పెట్టి బజారులో కొట్టు నడుపుతున్నాడు. ఊరందరికీ మెత్తటి పరుపులమ్మే మనిషి ఇంట్లో పెళ్ళినాటి టేకు మంచమే గతా అని నేను పోరగా పోరగా, కింద సొరుగులున్న కొత్త మంచం వచ్చింది. పాతది వసారాలోకి చేరింది. మా అత్త దాని మీద ఎండుచేపల బుట్టలు పెట్టడం మొదలుపెట్టింది. అది చూసి నా ప్రాణం ఒప్పుకోక, అమ్మేద్దామని నేనే పూనుకున్నాను.

మా వైపు జనం పాత సామాను అమ్ముకునే గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంది. ఎవరేం పెట్టినా, ఎవరేం అన్నా అందులో అందరికీ కనబడుతుంది. మంచం తుడిచి, మీద కొత్త దుప్పటి పరిచి, ఫొటో తీసి అందులో పెట్టాను. "ఉందా?" అని చాలామంది అడిగారు. ఉందని చెప్పగానే మాయమైపోయారు. ఒకాయన మాత్రం మేకపోతును తీసుకుని మంచం ఇస్తావా అన్నాడు. ఆ బేరం వదలొద్దని మా అత్త పట్టుబట్టింది.

చివరికి కొడవలూరు వైపు నుంచి ఒక రైతు, భార్యతో కలిసి ట్రాలీ ఆటోలో వచ్చాడు. కొడుక్కి కొత్తగా పెళ్ళయిందట. మంచం కోళ్ళు తట్టి చూశాడు, పట్టెలు గీరి చూశాడు, మంచం కింద దూరి మరీ చూశాడు. అంతా అయ్యాక, నేను చెప్పిన రేటుకు సగం కంటే కొంచెం పైన ఒక మాట అన్నాడు. మా అత్త మేకపోతు సంగతి ఎత్తేసరికి కాస్త పైకొచ్చాడు. మంచాన్ని విప్పి, కట్లు కట్టి, ఆటోలో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఫోన్ చేశాడు.

"అమ్మా, మంచం మాట్లాడతా ఉండాది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కిర్రు కిర్రుమంటోంది, వెనక్కి తీసుకోండి అన్నాడు. ఎప్పుడంటోందని అడిగాను. ఆయన చేతిలోంచి భార్య ఫోన్ లాక్కుని, మంచం అన్నాక ఎప్పుడంటుంది, మనుషులు ఎక్కినప్పుడు అంటుంది అని విసుక్కుంది. చూసి, తట్టి, కింద దూరి కొనుక్కున్న వస్తువును వెనక్కి తీసుకోవడం మా వల్ల కాదన్నాను. అయితే డబ్బన్నా కొంత వెనక్కివ్వండి అంది. అదీ కుదరదన్నాను.

మరునాడు గ్రూపులో, నేను పెట్టిన ఫొటో కిందే, ఆ రైతు రాయించాడు: "ఈ మంచం తీసుకుని మోసపోయాము. రాత్రిళ్ళు చప్పుడు చేస్తుంది. ఎవరూ వీళ్ళ దగ్గర కొనవద్దు."

కొట్టు నడుపుకునే కుటుంబం మాది. మోసం అన్న మాట చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా అక్కడే నిలబడి జవాబు కొట్టాను: "మా పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఈ మంచం మీదే పడుకున్నాము. ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి కూడా చిన్న చప్పుడు రాలేదు. కావాలంటే మా అత్తగారిని అడగండి."

రాసినప్పుడు అందులో నాకే తప్పూ కనబడలేదు. కాసేపటికి దాని కింద నవ్వే బొమ్మలు వరస కట్టాయి. జనం నా పక్షాన ఉండి ఆ రైతును చూసి నవ్వుతున్నారనుకుని తృప్తిగా అన్నం తిన్నాను.

మధ్యాహ్నం మా ఆయన కొట్టు మూసేసి ఇంటికి వచ్చాడు. ఆయన ఆ వేళప్పుడు ఎన్నడూ కొట్టు మూయడు. బజారులో టీ కొట్టాయన ఈరోజు టీలో అల్లం కాస్త ఎక్కువ వేశాను, ఒంటికి బలమని ఇచ్చాడట. ఎదురుగా మందుల షాపాయన మొహమాటపడకన్నా, ఏ మందు కావాలన్నా అడుగు, మనమూ మనమూ ఒకటే అన్నాడట. పరుపు కొనడానికొచ్చిన ఇద్దరు ఆయన్ని ఎగాదిగా చూసి, పరుపు కొనకుండానే వెళ్ళారట. ఫోన్ నా ముందు పెట్టి నేను రాసింది నాకే చదివి వినిపించాడు. అప్పుడు తెలిసింది నాకు, జనం నవ్వింది ఆ రైతును చూసి కాదని. ఆ వాక్యం కొసన మా అత్తగారిని సాక్ష్యానికి పిలిచానని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

నవ్వొద్దనుకున్నాను, ఆపుకోలేకపోయాను. లోపల్నుంచి మా అత్త ఏందిరా ఆ నవ్వులని అడిగింది. మేమిద్దరం ఏమీ లేదన్నాం. నేను రాసింది తీసేశాను. ఫొటో తీసి దాచుకున్నవాళ్ళు తీసేయరు కదా. రెండు రోజులకు అదే నా ఫోన్‌కు మా అన్న దగ్గర్నుంచి వచ్చింది.

"పద, కొడవలూరు పోదాం. ఆ మంచం సంగతేందో తేల్చుకోవాల," అన్నాడు మా ఆయన.

ఆదివారం బండి మీద వెళ్ళాం. రైతు మమ్మల్ని చూసి గొడవకొచ్చామనుకుని పక్కింటి ఇద్దర్ని పిలిపించుకున్నాడు. గదిలో అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. చప్పుడు విందాం, ఎవరన్నా ఎక్కండి అన్నాడు మా ఆయన. ఒక్కరూ కదల్లేదు. పెళ్ళికొడుకు నీళ్ళు తాగి వస్తానని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. చివరికి కోడలు పిల్లే మంచం మీద కూర్చుని అటూ ఇటూ ఊగింది. ఆ పిల్లకున్న ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. మంచం కిర్రుమంది, అబద్ధమెందుకు. బాగానే కిర్రుమంది.

"మాకైతే ఇబ్బందేం లేదక్కా," అంది ఆ పిల్ల నాతో. "పక్క గదిలో మా అత్తకే నిద్ర పట్టడం లేదంట."

వాళ్ళత్త గోడకేసి తిరిగింది. పక్కింటి వాళ్ళు దగ్గు తెచ్చుకున్నారు.

మా ఆయన కోడు, పట్టె కలిసేచోట వంగి చూసి, ఆ సందులో వేలు పెట్టి తడిమాడు. తర్వాత లేచి, పాత సైకిల్ ట్యూబు ఉందా అని రైతును అడిగాడు. తెచ్చిచ్చిన ట్యూబును ముక్కలుగా కోసి, పట్టెలు ఊడదీసి, ప్రతి సందులోనూ ఒక ముక్క పెట్టి బిగించాడు. కోడలు పిల్ల మళ్ళీ కూర్చుని ఊగింది. కిక్కురుమనలేదు. రైతు తనే ఎక్కి రెండుసార్లు ఎగిరి చూశాడు. అప్పుడూ అంతే.

ఇదంతా నీకెట్లా తెలుసునని నేను అడిగాను. ఆయన నాతో కాదు, ఆ మగవాళ్ళతో చెప్పాడు.

"మా పెళ్ళయిన కొత్తలో ఇది మా ఇంట్లో గూడా మాట్లాడిందన్నా. తెల్లారి మా అమ్మ ఇంట్లో ఎలుకలేమన్నా తిరగతా ఉండాయా అనడిగింది. ఆ రోజే ట్యూబు ముక్కలు పెట్టినా. మీరు విప్పినప్పుడు అవి ఊడి పడిపోయుంటాయి. నేను ఆ మాటే మర్చిపోయినా."

గదంతా నవ్వింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కొత్తలో విన్న ఆ చప్పుడు ఎప్పుడో మర్చిపోయి, ఇన్నేళ్ళూ అది ఆ మంచం మంచితనమే అనుకున్నాను నేను.

రైతు మాకు అన్నం పెట్టించి, కొత్త బియ్యం ఒక సంచి బండికి కట్టించాడు. అక్కడే గ్రూపులో తన మాట తీసేయించి, "మంచం బాగుంది, మనుషులు మంచోళ్ళు" అని రాయించాడు. దారిలో మా ఆయన, ఎలుకల సంగతి కూడా గ్రూపులో రాయమని నన్ను బతిమాలాడు. ఒకసారి రాసి బుద్ధొచ్చింది, ఇక నా చేత్తో రాయనన్నాను.

ఆయనే బజారంతా చెప్పుకున్నాడు. టీ కొట్టులో రెండుసార్లు చెప్పాడని విన్నాను. ఇప్పుడు మా కొట్లో కొత్త దంపతులకు పరుపు అమ్మితే, ట్యూబు ముక్కలు చిన్న కవర్‌లో పెట్టి ఊరికే ఇస్తున్నాడు. ఎందుకని ఎవరూ అడగరు, కవర్ మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్తారు. ఇంట్లో మాత్రం కొత్త మంచం సొరుగులు తెరవాలంటే ఇద్దరు మనుషులు లాగాలి. మేకపోతుకు మార్చుకుని ఉంటే బాగుండేదని మా అత్త ఇప్పటికీ అంటూనే ఉంది.