డ్రమ్ము చుట్టూ తిరిగి చేసిన అద్దం

వచ్చింది. ఉత్తరం వచ్చేసింది. పన్నెండు సర్కారు బళ్లకు పన్నెండు టెలిస్కోపులు. వాటి అద్దాలు పిల్లలే రుద్దుకోవాలి, ఎట్లా రుద్దాలో వాళ్లకు నేర్పేది నేను. ఏడాది పాటు, నెలనెలా జీతంతో. కింద సంతకం ఉంది, గుండ్రటి ముద్ర ఉంది, పైన నా పేరుంది, పేరు పక్కన బి.ఎస్సీ. అని కూడా ఉంది.

అందరికీ చెప్పకపోతే కడుపుబ్బిపోయేట్టుంది. చెబుదామంటే ఫోను చచ్చిపోయింది. హబ్సిగూడలో ఉత్తరం చేతికందుకుని, బస్సెక్కి, నాచారంలో దిగేసరికి తెర నల్లగా అయింది. ఇప్పుడు వంటింట్లో మిక్సీ పక్కన చార్జింగుకు పెట్టాను. చార్జింగులో ఉండగా మాట్లాడితే పేలుతుందని అమ్మ నమ్మకం, కాబట్టి ఓ గంట ఆగాలి. ఈ గంటసేపు ఊరికే కూర్చోలేను. రాస్తాను.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. బాపు ఏడో తరగతితో చదువాపి, భువనగిరి దగ్గరి ఊరి నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నా రిజల్టు వచ్చిన రోజు బాపు నా మార్కుల కాగితాన్ని లామినేషన్ చేయించుకొచ్చి టీవీ మీద నిలబెట్టాడు. ఆ సాయంత్రమే మా బావ, అంటే మేనత్త కొడుకు, మల్లాపూర్‌లో తను పనిచేసే మందుల కంపెనీలో క్వాలిటీ చెకింగ్‌కు మనుషుల్ని తీసుకుంటున్నారని చెప్పాడు. అందరూ నా వైపు చూశారు. నాకొద్దన్నాను. మరేం చేస్తావన్నారు. టెలిస్కోపు చేస్తానన్నాను.

ఆ పిచ్చి ఎక్కడ పుట్టిందంటే మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో. గాజు తలుపుల బీరువాలో ఒక టెలిస్కోపు ఉండేది. మూడేళ్లు రోజూ చూశాను, ఒక్కసారీ దాంట్లోంచి చూడలేదు. అది స్టాకు రిజిస్టరులో ఉంది, ముట్టుకోవద్దనేవారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఫైనలియర్‌లో ఒకరోజు హబ్సిగూడ నెట్ సెంటర్‌లో హాల్‌టికెట్ తీసుకోవడానికి పోయి, మిగిలిన పావుగంటలో టెలిస్కోపు ఎట్లా చేస్తారని వెతికాను. ప్రపంచంలో మామూలు మనుషులు ఇంటి దగ్గరే చేతులతో అద్దం రుద్దుకుని చేసుకుంటారని అప్పుడు తెలిసింది. వారానికి నాలుగు పేజీల చొప్పున ప్రింటు తీసుకున్నాను. ఆ ఇంగ్లిషు నాకు సగమే అర్థమయ్యేది. కోఠీలో పాత డిక్షనరీ ఒకటి దొరికింది, దానికి ‘ఎస్’ తర్వాత పేజీలు లేవు. ‘టి’తో మొదలయ్యే మాటలన్నీ ఊహించుకున్నవే.

బాపు పూర్తిగా కాదనలేదు. గడువు పెట్టాడు.

“ఉగాది దాకా జెయ్. అటెన్క బావ జెప్పిన నౌకరికి పోవాలె. అప్పుడు ఏడ్వొద్దు, అలగొద్దు.”

సరేనన్నాను. ఆ సరే మీదే ఈ కథంతా నడిచింది.

అంబర్‌పేట్‌లో గాజు దుకాణం తాత మందపాటి గాజు నుంచి ఆరంగుళాల బిళ్లలు రెండు గుండ్రంగా కోసి ఇచ్చాడు. పని వినడానికి చాలా తేలిక. ఒక బిళ్లను డ్రమ్ము మీద కదలకుండా పెట్టాలి. దానిమీద గరుకు పొడి, నీళ్లు చల్లి, రెండో బిళ్లను పెట్టి ముందుకీ వెనక్కీ రుద్దాలి. రుద్దుతూ పై బిళ్లను కొంచెం తిప్పాలి, మనం డ్రమ్ము చుట్టూ ఒక అడుగు జరగాలి. మళ్లీ రుద్దాలి, తిప్పాలి, జరగాలి. అట్లా రోజూ గంటలు. కొన్నాళ్లకు పైది లోతవుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఎవరూ కొలవకుండానే గుండ్రం దానంతటదే వస్తుంది. నాకిది ఇప్పటికీ మాయలాగే ఉంటుంది. గరుకు పొడి బాపు తెచ్చాడు, ఇంజన్ వాల్వులు అరగదీసేది. డ్రమ్ము మా ఇంటి ఓనరాంటీది, డాబా మీద పనికిరాకుండా పడి ఉండేది.

ఓనరాంటీ వాళ్లది గుంటూరు వైపు. నేను పొద్దున్నే స్నానం చేసి, జుట్టు ముడేసుకుని డ్రమ్ము చుట్టూ తిరగడం ఆమె బట్టలారేస్తూ రోజూ చూసేది. వారం ఓపిక పట్టి అడిగింది.

“రోజూ ఎన్నమ్మా? నూట ఎనిమిదా?”

అద్దం చేస్తున్నానాంటీ, మొక్కు కాదని చెప్పాను. ఆమె నవ్వి తలూపింది. మొక్కు బయటికి చెబితే ఫలించదని దాస్తున్నాననుకుంది. మరుసటి శుక్రవారం వాళ్లమ్మాయి, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న పిల్ల, నేను లేచేసరికే చేతులు జోడించి నా డ్రమ్ము చుట్టూ తిరుగుతోంది. ఆ పిల్లకు సీటొచ్చింది. ఇంకేముంది, ఎదురింటి నుంచి ఇద్దరొచ్చారు. ఒకామె అగరొత్తులు కూడా తెచ్చింది. నేను గాజుబిళ్లలు సంకలో పెట్టుకుని, వాళ్ల చుట్లు అయ్యేదాకా వాటర్ ట్యాంకు పక్కన నిలబడేదాన్ని. బావ వచ్చినప్పుడల్లా ఇదే మాట.

“మరదలా, నీకు నౌకరెందుకే. ఒక హుండీ పెట్టు, నేనే పూజారిగ వస్త.”

దసరా నాటికి అద్దం మెరుగు పెట్టే దశకు వచ్చింది. గరుకు పొడులు అయిపోయాయి, వరసగా సన్నవీ అయిపోయాయి. ఇక కింది బిళ్లకు తారులాంటి మెత్తటి పూత పోసి, దానిమీద ఎర్రటి సన్నపొడితో మెరుగు పెట్టాలి. ఈ దశలో ఒక్క ఇసుక రేణువు పడినా గీత పడుతుంది. అందుకే అద్దాన్నీ ఆ పూత బిళ్లనూ ఒక స్టీలు గిన్నెలో పెట్టి మూతేసి, ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో పదిసార్లు చెప్పాను.

దసరా సాయంత్రం జమ్మి ఆకు తీసుకుని మా క్లాస్‌మేట్ ఇంటికి పోయి, వాళ్ల పెద్దవాళ్ల కాళ్లు మొక్కి ఇంటికొచ్చాను. గుమ్మంలోనే ఆగిపోయాను. దేవుడి పటం ముందు అమ్మ కుట్టుమిషన్, బాపు స్పానర్ల పెట్టె. ఆ రెండింటి నడుమ ఎర్రటి జాకెట్ ముక్క మీద నా అద్దం, పక్కన పూత బిళ్ల. రెండింటికీ పసుపు రాసి, కుంకుమతో ఐదేసి బొట్లు పెట్టారు. పైన అక్షింతలు.

అమ్మ కొబ్బరి ముక్కలు కోస్తూ తలెత్తింది.

“నీ సామాను ఒక్కటి ఎందుకు ఇడువాలె అని పెట్టిన. అది గూడ పనిముట్టే గద.”

అన్ని నెలలూ “డిగ్రీ చదివి గాజు రుద్దుతుంది” అని చుట్టాల ముందు తలకొట్టుకున్నది ఈమే. అద్దం పాడైందని నాకప్పటికే తెలుసు. అయినా అమ్మకూ బాపుకూ జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. కొబ్బరి ముక్క తిన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తుంటే నోటి నిండా కొబ్బరి ఉండటం మంచిదైంది.

తెల్లారి మూడుసార్లు కడిగాను. అరగంట రుద్ది కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే వంకరగా రెండు గీతలు, వెంట్రుకంత సన్నగా. పసుపులోదో అక్షింతల్లోదో ఏదో రేణువు పూతలో దిగబడింది. బాపు అద్దం అందుకుని గోటితో గీతను తడిమాడు. లేత్ మిషన్ మీద ఇరవయ్యేళ్లు పనిచేసిన గోరు అది.

“ఇనుముకైనా గింతే. మల్ల ఎనుకటి పొడికి పోవాలె.” వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. “మీ అమ్మకు చెప్పకు.”

ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ.

రెండు నెలల పని వెనక్కి పోయింది. నేను లెక్కలేసుకుంటే ఉగాదికి అద్దం తయారయ్యే దారి కనపడలేదు. దారి చూపించినవి బందులు. ఆ చలికాలం తెలంగాణ కోసం బందు లేని వారం లేదు. ఫ్యాక్టరీ మూత, బస్సులు మూత, బాపు ఇంట్లో. మొదటి బందు రోజు డాబా మీదికొచ్చి కాసేపు చూశాడు. నువ్వు నీళ్లు పొయ్యమని చెప్పి బిళ్ల తను పట్టుకున్నాడు. నేను చదివిన ఏ కాగితంలోనూ లేనిది ఆయన చేతిలో ఉంది. ఒత్తిడి ఎక్కడా ఎక్కువ తక్కువ కాకుండా రుద్దుతాడు. చప్పుడు విని పొడి నలిగిపోయిందా లేదా చెబుతాడు. కింద రోడ్డు మీద ర్యాలీలు పోతుండేవి. డప్పుల దెబ్బకు మా అడుగులు తెలియకుండానే కలిసేవి. ఒక దెబ్బకు రుద్దడం, ఒక దెబ్బకు జరగడం. రాష్ట్రం వస్తుందో రాదో గానీ, బందు పిలుపు విన్నప్పుడల్లా మా ఇంట్లో ఇద్దరం లోపల్లోపల సంబరపడ్డ మాట నిజం.

చలి తగ్గేనాటికి అద్దం మెరిసింది. మల్లాపూర్‌లో దొరికిన పెద్ద ప్లాస్టిక్ పైపులో అడుగున దాన్ని బిగించి, పై కొసన చిన్న అద్దమూ కన్ను పెట్టి చూసే కటకమూ అమర్చాం. వెండిరంగు పూత ఇంకా వేయించలేదు, ఉత్త గాజే. చంద్రుడికి అది చాలు. ఉప్పల్ స్టేడియంలో ఆ రోజు మ్యాచ్ లేదు, ఉంటే ఆ లైట్లకు మా వైపు ఆకాశమంతా పాలపొడి కలిపినట్టు ఉంటుంది. దీపాలు పెట్టే వేళ నేను మొదట చూసి, నోరు తెరుచుకుని, పక్కకు జరిగి అమ్మను రమ్మన్నాను. అమ్మ ఒక కన్ను మూసుకుని చాలాసేపు వంగి ఉంది.

“గిన్ని గుంతలేందే? మన మల్లాపూర్ రోడ్డు లెక్కుంది.”

ఓనరాంటీ చెప్పులు విడిచి చూసింది.

కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడమ్ ఈ సంగతి విని, హబ్సిగూడలో ఉండే ఒక సారు దగ్గరికి పంపించింది. పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యారు, వయసులో ఉండగా ఆయనా అద్దాలు చేశారట. వాళ్లింటి స్టోర్‌రూమ్ కిటికీకి దుప్పటి కట్టి, చిన్న రంధ్రం చేసిన డబ్బాలో బల్బు వెలిగించి, గడ్డం గీసుకునే బ్లేడును వెలుగుకు అడ్డంగా కొంచెం కొంచెం జరుపుతూ అద్దం మీద నీడ చూశారు. నీడ ఎట్లా కదిలిందో దాన్ని బట్టి అద్దం ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో తెలుస్తుంది. ఆయన చూస్తున్నంతసేపూ నేను బియ్యం బస్తాకు ఆనుకుని నిలబడ్డాను.

“అంచు దగ్గర కాస్త వాలింది,” అన్నారు. “అయినా నేను చేసిన మొదటిదానికంటే బాగుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?”

ఎవరి దగ్గరా లేదు సార్, నెట్ సెంటర్‌లో కాగితాలు తీసుకున్నానని చెప్పాను. ఆ కాగితాలు ఒకసారి తెచ్చి చూపించమన్నారు. అడుగుతున్నది ఆయన, ఇవ్వాల్సింది నేను! ఇంటికి బస్సెక్కకుండా నడిచొచ్చాను, నడిచినట్టు కూడా గుర్తులేదు.

సర్కారు బళ్లకు సైన్సు సామాను ఇచ్చే ట్రస్టు ఒకటుంది, వాళ్లతో మాట్లాడి చూస్తానన్నారు సారు. నెల దాటింది. కబురు లేదు. ఉగాది వచ్చింది, పచ్చడి తిన్నాం, ఉగాది పోయింది. మాట ఇచ్చాను కాబట్టి ఏడవలేదు, అలగలేదు. బావతో పోయి కంపెనీలో సంతకం పెట్టి నీలం కోటు తెచ్చుకున్నాను. అమ్మ దాని చేతులు నా కొలతకు కుదించి, ఇస్త్రీ చేసి మేకుకు తగిలించింది. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ గేటు ముందు ఉండాలి. నిన్న రాత్రి బాపు డ్రమ్మును బోర్లించి దానిమీద టార్పాలిన్ కప్పడం చూశాను.

ఇవాళ పదకొండింటికి సారు ఫోన్ చేశారు. ట్రస్టువాళ్లు ఒప్పుకున్నారు, వచ్చి ఉత్తరం తీసుకెళ్లమ్మా అన్నారు. ఏ చెప్పులు వేసుకున్నానో చూసుకోలేదు. బస్సులో కూర్చున్నాకనే తెలిసింది, ఒకటి అమ్మది.

బాపుకు ఇవాళ సెకండ్ షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. ఉత్తరం చేతికిచ్చాను. ఇంగ్లిషులో ఉంది. నా పేరు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి ముద్ర దాకా మెల్లగా జరుపుకుంటూ పోయాడు.

“ఏడాది అని రాసిచ్చిన్రా?”

“రాసిచ్చిన్రు బాపు.”

“పోరలు గూడ గిట్లనే రుద్దుతరా?” అని అమ్మ వంటింట్లోంచి అడిగింది. రుద్దుతారన్నాను. “అయితే డ్రమ్ములు జాస్తి గావాలె,” అంది.

బాపు ఉత్తరాన్ని మడత మీదే మడిచి టీవీ మీద, లామినేషన్ కాగితం పక్కన పెట్టాడు. మేకుకున్న నీలం కోటు తీసి నా చేతికిచ్చాడు.

“బావకు నువ్వే చెప్పు. నాతోటి కాదు,” అన్నాడు. చెప్పి చొక్కా వేసుకుంటూ వెనక్కి తిరిగాడు గానీ, గోడకున్న అద్దంలో ఆయన నవ్వు నాకు కనబడింది.

ఫోనులో మూడు గీతలు వచ్చాయి. చాలు. ఎవరికి చేయాలో వరసగా రాసుకుంటున్నాను, లేకపోతే సంబరంలో ఎవరినో ఒకరిని మరిచిపోతాను:

బావకు. అందరికంటే ముందు, తను నా పేరు గేటు దగ్గర ఇచ్చేలోపు. తిడతాడు, తిట్టనివ్వాలి. కోటు ఉతికి ఇస్తానని చెప్పాలి.

ఫిజిక్స్ మేడమ్‌కు. ఒంటిగంటకు క్లాసు అయిపోతుంది.

అంబర్‌పేట్ గాజు తాతకు. ఇరవై నాలుగు బిళ్లలు. వినబడదు, అరిచి చెప్పాలి.

క్లాస్‌మేట్‌కు. బ్యాంకు కోచింగ్‌లో ఉంటుంది, సాయంత్రం చేయాలి.

మేనత్తకు. బావ చెప్పకముందే, నేనే.

భువనగిరి చిన్నమ్మకు. సర్కారు నౌకరా కాదా అని అడుగుతుంది, ఏం చెప్పాలో ముందే అనుకోవాలి.

నాయనమ్మకు. ఆమెకు ఫోను లేదు. ఇంటి ముందు కిరాణా దుకాణానికి చేసి, పిలుచుకు రమ్మని చెప్పి, పది నిమిషాలాగి మళ్లీ చేయాలి.