తేదీలు మాత్రమే

ఆ కంటి ఆసుపత్రిలో ఆయన్ని అందరూ ముత్యాలగారు అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడేది కాదు. ముత్యాల్లాంటి అక్షరాలు అని ఎప్పుడో ఒక నర్సు అన్న మాట అలా అతుక్కుపోయింది. ఇరవై ఆరేళ్లుగా రికార్డు గదిలో గుమాస్తా. ఏ రోగికి, ఏ కంటికి, ఏ తేదీన శుక్లం ఆపరేషనో పొడుగాటి రిజిస్టర్లో రాసి పెట్టడం ఆయన పని. కొత్తగా చేరినవాళ్లకు ఆ పేజీలు చూపించి, రాస్తే ఇలా రాయాలి అని చెప్పేవారు.

రెండేళ్ల కిందట రిజిస్టర్లు తీసేసి కంప్యూటర్ పెట్టారు. ఎవరో వచ్చి రెండు పూటలు ఎక్సెల్ నేర్పి వెళ్లారు. ముత్యాలగారు ముందు వరసలో కూర్చుని ప్రతి మాటకూ తలూపారు. పక్కవాళ్లు సందేహాలు అడిగినా ఆయన అడగలేదు. పదిమంది తనను అడిగి నేర్చుకున్న చోట, ఇది మళ్లీ చూపించండి అని చెయ్యెత్తడానికి ప్రాణం ఒప్పలేదు. ఆయన భార్య బడిపంతులమ్మ. పిల్లల మార్కులన్నీ ఆవిడ ఎక్సెల్‌లోనే చేసేది. గంట కూర్చుంటే చెప్పేస్తానని ఆవిడ అంటే, నాకొచ్చులే అన్నారు.

నిజానికి ఆయనకు వచ్చింది గళ్లలో టైపు చేయడం ఒక్కటే. నెలాఖరున కుడి కళ్లెన్ని, ఎడమ కళ్లెన్ని అని అడిగితే, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టి, సొరుగులోని కాలిక్యులేటర్‌తో కూడి, వచ్చిన అంకెను కింది గడిలో కొట్టేవారు. ఎవరైనా గదిలోకి వస్తే సొరుగు మూసేవారు. కంప్యూటర్ మీద నమ్మకం కుదరక ప్రతి పేరూ తేదీ ఒక నోటుబుక్కులో కూడా రాసుకునేవారు. అదీ ఆ సొరుగులోనే. యాభై నాలుగేళ్ల మనిషి, పరీక్ష హాల్లో చీటీ దాచుకున్న పిల్లాడిలా రెండేళ్లు గడిపారు. కొత్త పద్ధతి ఎలా ఉందని పెద్ద డాక్టరమ్మ అడిగితే, చాలా హాయిగా ఉందండీ అనేవారు.

ఒక గురువారం డాక్టరమ్మ ఫోన్ చేసి, రాబోయే ఆపరేషన్ల జాబితా తేదీల వరసలో కావాలన్నారు. అప్పటిదాకా అది పేర్లు చేరిన వరసలో ఉండేది. సర్దడానికి పైన ఒక బొత్తాం ఉంటుందని ఆయన ఎవరో చేస్తుండగా చూశారు. తేదీల కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని అది నొక్కారు. ఒక పెట్టె తెరుచుకుని ఏదో అడిగింది. పక్క కాలమ్స్‌ను కూడా కలిపి సర్దాలా, ఎంచుకున్నదాన్ని మాత్రమే సర్దాలా అని దాని సారాంశం. ఆయన రెండుసార్లు చదివారు. డాక్టరమ్మ అడిగింది తేదీలనే కదా, మిగతావాటిని కదపడమెందుకని, తేదీలు మాత్రమే సర్దమన్నారు. తేదీలన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. తృప్తిగా చూసుకుని, సేవ్ చేసి మూసేశారు.

పేర్లు ఉన్నచోటే ఉన్నాయి. ఫోన్ నంబర్లూ ఉన్నచోటే ఉన్నాయి. వాటి పక్కన తేదీలు మాత్రం ఒకరివి ఒకరికి వెళ్లిపోయాయి. నూట నలభై మంది.

ఆ జాబితా చూసి రోగులకు కబురు చేసేది ఒక కాంట్రాక్టు అమ్మాయి. ఫోన్లమ్మాయి అనేవారు. చేరి పది నెలలైంది, ఇంకో రెండు నెలలకు కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తేలుతుంది. శుక్ర, శనివారాల్లో ఆమె డెబ్బై మందికి ఫోన్ చేసి, ఫలానా రోజు రండి, తోడు ఒకరిని తెచ్చుకోండి, ముందు రోజు నుంచే చుక్కల మందు వేసుకోండి అని చెప్పింది.

సోమవారం పొద్దున్నే హాలు నిండిపోయింది. లోపల ఆపరేషన్ గదిలో కేసు షీట్లు చూసి సిద్ధం చేసి పెట్టిన లెన్సుల మీద కొందరి పేర్లు, బయట బెంచీల మీద కూర్చున్నది ఇంకొందరు. నర్సు పేరు పిలిచి చీటీ సరిచూడబట్టి ఎవరికీ ఏ కీడూ జరగలేదు గానీ, డాక్టరమ్మ మూడు రోజులపాటు ఆపరేషన్లన్నీ ఆపేశారు.

వచ్చినవాళ్లలో కుర్చీలు అల్లే పెద్దాయన ఒకరు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంటికి శుక్లం కమ్మి ఎనిమిది నెలలుగా పని మానేశారు. అక్కగారిని తోడు తీసుకుని రెండు బస్సులు మారి వచ్చారు. రికార్డు గది కౌంటర్ అంచు పట్టుకుని, ఎదుటి మనిషి మొహం ఎటుందో వెతుక్కుంటూ, "నా పేరు కొట్టేశారా బాబూ?" అని అడిగారు.

తెర మీద ఆయన పేరు పక్కన ఆ రోజు తేదీయే ఉంది. ముత్యాలగారు సొరుగు కొంచెం లాగి నోటుబుక్కు చూశారు. అందులో బుధవారం అని ఉంది. ఇంకో రెండు పేర్లు చూశారు. రెండూ తేడాయే. గురువారం నాటి పెట్టె, అది అడిగిన ప్రశ్న గుర్తొచ్చాయి. సొరుగు మూశారు.

"ఫోన్ చేసినవాళ్లు పొరపాటు పడుంటారండీ," అన్నారు.

అని ఊరుకోలేదు, ఫోన్ల గది ఎటో చెయ్యి చూపించారు. పెద్దాయన అక్కగారి భుజం పట్టుకుని అటు వెళ్లి, అందరూ వింటుండగా ఆ అమ్మాయిని కడిగేశారు. కళ్లు కనపడనివాణ్ని ఇలా తిప్పడానికి నీకు మనసెలా వచ్చిందని అడిగారు. మిగతావాళ్లూ గొంతు కలిపారు. ఆమె జాబితా చూపించబోతే ఎవరూ వినలేదు. సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వమని డాక్టరమ్మ దగ్గర నుంచి కబురు వచ్చింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి రికార్డు గదికి వచ్చింది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగా ఉన్నాయి. చేతిలో తెల్లకాగితం.

"నా రాత కోడి కెలికినట్టుంటుందండీ. మీరు కాస్త రాసిపెడతారా?"

ఏమని రాయాలో చెప్పమన్నారాయన.

"నేను సరిగ్గానే చదివాననుకుంటున్నా. కానీ ఇంతమందికి తప్పు చెప్పానంటే ఎక్కడో వరస తప్పుంటాను. పై లైన్లో పేరు, కింది లైన్లో తేదీ చదివుంటాను. అలాగే రాయండి."

తప్పు లేని మనిషి తనను తానే అనుమానించుకుంటోంది. గదిలో ఇద్దరే ఉన్నారు. తలుపు దగ్గరకు వేసి ఉంది. నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ముత్యాలగారు కలం తీసి, 'నా అజాగ్రత్త వలన' అని మొదలుపెట్టి పదకొండు వరసలు రాశారు. ఒక్క కొట్టివేత లేదు. ఆమె కింద సంతకం చేసి, ఎంత బాగా రాశారోనంది. ఆయనే తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టి వచ్చారు. తిరిగి వచ్చి కూర్చున్నాక తన చేతిరాత కనపడిన చోటల్లా చూపు తిప్పుకున్నారు. గోడ మీది సూచనలు, ఫైళ్ల మీది పేర్లు, అన్నీ తను రాసినవే.

మర్నాడు పొద్దున బడికి వెళ్లే హడావిడిలో ఇస్త్రీ చేసుకుంటున్న భార్యకు, నేల చూస్తూ మొత్తం చెప్పారు. ఇస్త్రీపెట్టె నిలబడిపోయింది. రెండేళ్ల కింద నేర్పుతానన్నాను కదా అని ఆవిడ అంటుందని ఎదురుచూశారు. అనలేదు.

"ఆ కాగితం డాక్టరుగారు చదివారా?"

"చదివుంటారు."

"మరి ఇంకా ఇక్కడే నిలబడ్డారేం?"

డాక్టరమ్మ గదిలో ఆయన నోటుబుక్కు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆవిడ కోప్పడలేదు. పేజీలు తిప్పి, ఇది ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నూట నలభై మంది కేసు షీట్లు తిరగేయాల్సి వచ్చేదన్నారు. కాసేపు ఆలోచించి, ఇన్నేళ్ల సర్వీసున్న మనిషి కాబట్టి ఈ సంగతి ఇద్దరి మధ్యే ఉండనిద్దామని, ఆ అమ్మాయి సంజాయిషీ తాను చింపేస్తానని అన్నారు.

ఒక్కసారిగా గుండె తేలికైంది. నమస్కారం పెట్టి తలుపు దాకా నడిచారు. తలుపు పిడి మీద చెయ్యి వేశాక, ఇంతలోనే ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానా అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పిల్ల మాటలు పడింది నాలుగు గోడల మధ్య కాదు. వెనక్కి తిరిగి, "అందరి ముందూ చెప్తానండీ," అన్నారు.

మర్నాడు రోగులు రాకముందు హాల్లో సిబ్బంది ముప్పై మందీ చేరారు. దారి పొడవునా కూర్చుకున్న మాటలు లేచి నిలబడగానే ఎగిరిపోయాయి.

"ఫోన్లమ్మాయి తప్పేం లేదు. తేదీలు కలగాపులగం చేసింది నేను. నాకు ఎక్సెల్ రాదు. రెండేళ్ల నుంచి వచ్చినట్టు నటిస్తున్నాను. ఆ అమ్మాయి సంజాయిషీ కూడా, తెలిసే, నేనే రాశాను."

ఎవరో వెనక నుంచి, మరి నెలనెలా లెక్కలు ఎలా ఇచ్చేవారని అడిగారు. వేలు పెట్టి లెక్కపెట్టేవాడినని ఆయన చెప్పారు. నవ్వులు వినపడ్డాయి. పాపం, ఎవరూ కావాలని నవ్వింది కాదు. అయినా చెవుల దాకా మంటెత్తింది. ఫోన్లమ్మాయి నవ్వలేదు, ఆయన వైపు చూడనూ లేదు.

తర్వాత ఆమె గదికి వెళ్లి క్షమించమని అడిగారు. ఆమె రిసీవర్ కింద పెట్టింది.

"తప్పు ఎవరైనా చేస్తారండీ. కానీ నేను ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ కాగితం ఎలా రాయగలిగారు?"

ఆయన తెలీదమ్మా అన్నారు. ఆమె మళ్లీ రిసీవర్ తీసుకుంది.

ఆ వారమంతా ఆయన నోటుబుక్కు చూసి ఒక్కో తేదీ చదవడం, ఆమె సరిదిద్దడం. పేరు, తేదీ తప్ప ఇంకో మాట లేదు. పని అయిపోయిన రోజున ఆయన కుర్చీ లోంచి లేవకుండా, నాకు ఇది నేర్పుతావా అమ్మా అని అడిగారు. ఆమె ఫైలు సేవ్ చేసి మూసింది.

"అర్థం కాకపోతే తలూపకూడదు. అలాగైతేనే."

రోజూ భోజనాల వేళ అరగంట. మొదటి రోజు ఆసుపత్రి వాళ్ల పేర్లు, వయసులు ఆరు వరసలు వేసి, గురువారం చేసిన తప్పును మళ్లీ చేయమంది. చేశారు. డాక్టరమ్మకు పంతొమ్మిదేళ్లు, కొత్త నర్సుకు అరవై ఒకటి వచ్చాయి. ముత్యాలగారికి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. అడ్డంగా ఉన్న గళ్లన్నీ కలిస్తేనే ఒక మనిషి అని ఆమె చెప్పింది. కాలమ్ మొత్తం పట్టుకోకుండా, లోపల ఒక్క గడి మీద నొక్కి సర్దితే వరసలు చెదరవు. ముందుగా ఫైలుకు ఒక కాపీ తీసుకోవాలి. మొదటి కాలమ్‌లో క్రమసంఖ్య వేసుకుంటే ఎప్పుడైనా పాత వరసకు తిరిగి రావచ్చు. ఆయన ఏడుసార్లు అర్థం కాలేదన్నారు. మొదటిసారి ఆ మాట గొణిగినట్టుగా వచ్చింది, ఏడోసారికి మామూలుగానే వచ్చింది.

లెక్కపెట్టే సూత్రం నేర్చుకున్న రోజున పోయిన నెల కుడి కళ్లు నూట ఎనభై మూడని రెప్పపాటులో తేలింది. తాను ఇచ్చిన లెక్క నూట డెబ్బై తొమ్మిది. ఇంటికి వెళ్లకుండా కూర్చుని రెండేళ్లవీ తిరగేశారు. అయిదు నెలలు తప్పు. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. ఆ అయిదు నెలలూ కాగితం మీద రాసి, కింద తన సంతకం పెట్టి డాక్టరమ్మకు ఇచ్చారు. ఆవిడ చదివి ఫైల్లో పెట్టుకున్నారు.

కుర్చీలు అల్లే పెద్దాయనకు రావలసిన రోజు దాటిపోయి, తొమ్మిది రోజులు ఆలస్యంగా ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజున ముత్యాలగారు బెంచీ దగ్గరికి వెళ్లి పక్కన కూర్చుని, మీకు తప్పు తేదీ పెట్టింది నేనేనండీ, ఆ రోజు మీతో అబద్ధమాడాను అని చెప్పారు. పెద్దాయన కొత్త కంటితో ఆయన్ని తేరిపార చూశారు. ఏ మాటైనా పడదామని ముత్యాలగారు తల వంచుకున్నారు.

"అయితే ఆ పిల్లని ఊరికే తిట్టానన్నమాట," అన్నారు పెద్దాయన. "ఎక్కడుంది? పదండి, చూపించండి."

అక్కగారు లేవబోతే అక్కర్లేదని వారించి, ఈసారి ఎవరి భుజమూ పట్టుకోకుండా ముందు నడిచారు. ఫోన్ల గది గుమ్మంలో నిలబడి, నన్ను క్షమించు తల్లీ, తెలియక నోరు జారాను అన్నారు. ఆమె లేచి నిలబడి, అయ్యో పెద్దవాళ్లు అలా అనకండి, ఇవాళ్టి నుంచి చుక్కలు వేళకి వేసుకోండి అంది. తన తప్పుకు ఇంకొకరు క్షమాపణ అడుగుతుంటే వెనక నిలబడి వినడం ముప్పై మంది ముందు మాట్లాడటం కంటే కష్టంగా ఉంది ముత్యాలగారికి. ఆమె కుర్చీ లాగి పెద్దాయన్ని కూర్చోబెట్టింది. ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది. ముత్యాలగారు కూర్చోలేదు, వెళ్లిపోనూ లేదు. వాళ్ల మాటలు అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.