మెత్వల్లి పూడ్చిపెట్టిన గడ్డ

ఇన్సాఫ్ ఇంట్లో ముక్క ఉడికి ఏళ్ళు గడిచాయి. బక్రీదునాడు పొరుగువాళ్ళు పంపిన మాంసం వాటాను ప్రేమగా రెండు చేతులా అందుకుని, ఉన్నదున్నట్టు వెనక సందులోని ముసలామెకు ఇచ్చి వస్తుంది. దేవుడి పేరున వచ్చినదాన్ని కాదనకూడదు. అలాగని గొంతూ దిగదు.

పట్టణంలోని సర్కారీ ఆసుపత్రి నేలమాళిగలో ఆమెకు పని. పైన ఆపరేషన్లలో మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కలను రోగుల వాళ్ళే కిందికి పట్టుకొస్తారు. వాటిని కోసి, మైనంలో పోతపోసి, ఉల్లిపొర కంటే పలచగా తరిగి, గాజుపలక మీద పరిచి రంగులద్దాలి. ఆ పలకను డాక్టర్ వగీహ్ మైక్రోస్కోపు కింద చూసి, జబ్బేమిటో చెప్పాలి. కొత్తలో ఇన్సాఫ్ పొద్దున తిన్న ఫూల్ చిక్కుడుగింజల కూర మధ్యాహ్నందాకా కడుపులో నిలిచేది కాదు. తర్వాత ముక్కల మీద రోత పోయింది. ముక్కలకేం పాపం, అవి ఎవరినీ కసరవు, ఎవరినీ చూసి నవ్వవు.

డాక్టర్ వగీహ్ కొంతకాలంగా ఒక పరిశోధన వ్యాసం రాస్తున్నాడు, రొమ్ముగడ్డల మీద. అరుదైన గడ్డ వచ్చిందంటే అన్నం మానేసి కూర్చుంటాడు. మామూలు గడ్డలు మాత్రం సీసాల్లో మూలన పడి ఉంటాయి. వాటి తాలూకు మనుషులు కిటికీ దగ్గర నిలబడి ఉంటారు. ఇన్సాఫ్ వాళ్ళకి కుర్చీ వేస్తుంది. కుర్చీ లేనినాడు మందు డబ్బా బోర్లించి దాని మీద గుడ్డ పరుస్తుంది.

చలికాలం, మంగళవారం పొద్దున. కాలువ అవతలి పల్లె నుంచి మెత్వల్లి అనే రైతు వచ్చాడు. పొడవాటి గలబియా అంగీ అంచుకు బురద అంటి ఉంది, భుజాన పాత ఉన్ని శాలువా.

"డాక్టరమ్మా, మా బదరియా రిపోర్టు అయిందా? నిన్న ఆపరేషన్ చేశారు."

"నేను డాక్టర్ని కాదు నాయనా, ఇన్సాఫ్‌ని. ముందు గడ్డ ఏదీ? నీ చేతికే ఇచ్చుంటారే."

మెత్వల్లి ముఖం విచ్చుకుంది. "దాని గురించి మీరేం బెంగపడకండమ్మా. పద్ధతిగానే చేశాం. కడిగి, తెల్లబట్టలో చుట్టి, మా అమ్మ సమాధి పక్కన పెట్టాం. ఫాతిహా కూడా చదివాను."

ఇన్సాఫ్ చేతిలోని పలక బల్ల మీద పెట్టేసింది. "పూడ్చేశావా?"

"మరి? మనిషి ఒంటిలోది కదమ్మా. చెత్తలో పారేస్తామా?"

వెనక కూర్చుని టీ తాగుతున్న డాక్టర్ వగీహ్‌కు పొలమారింది. "విన్నావా ఇన్సాఫ్? గడ్డకు అంత్యక్రియలు! ఏమోయ్ హాజీ, నలభయ్యోనాడు భోజనాలకు మమ్మల్ని పిలుస్తావా లేదా?"

మెత్వల్లి కూడా నవ్వాడు. పెద్దమనిషి నవ్వుతున్నాడు, తాను నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఇన్సాఫ్ ముఖం తిప్పుకుంది.

"ఎవరిచ్చారు నీకు? ఏం చెప్పి ఇచ్చారు?"

"తెల్లకోటు షహాత. రబ్బరు తొడుగులో వేసి ముడేసి, 'ఇదిగో నీ భార్యది' అని చేతిలో పెట్టాడు. ఇంకేమీ చెప్పలేదు."

ఇన్సాఫ్‌కు అర్థమైంది. షహాత ఆపరేషన్ గది బయట ఉండే పనివాడు. చెయ్యి తడిపినవాళ్ళకు, ముక్క కుళ్ళకుండా మందునీళ్ళు పోసిన సీసా ఇస్తాడు, ల్యాబు ఎక్కడో కూడా చూపిస్తాడు. తడపనివాళ్ళకు సర్జన్లు విప్పేసిన చేతి తొడుగు.

"పోతే పోయింది లెండి," అన్నాడు మెత్వల్లి, తానే వాళ్ళను ఓదారుస్తున్నట్టు. అంతలోనే గొంతు తగ్గింది. "కానీ పెద్ద డాక్టరు ఒక మాటన్నాడమ్మా. శనివారంలోగా రిపోర్టు రాకపోతే రొమ్ము మొత్తం తీసేస్తారట, ఎందుకైనా మంచిదని. పాప ఇంకా పాలు తాగుతోంది."

"సర్జన్ చెప్పింది సబబే," అన్నాడు వగీహ్ గ్లాసు పక్కన పెడుతూ. "మట్టిలో మురిగినదాన్ని నేనేం చూడను? నా వ్యాసానికా, పనికిరాదు."

ఇన్సాఫ్ ఒక సీసాలో మందునీళ్ళు నింపి, మూత బిగించి, సంచిలో పెట్టుకుంది. "పద నాయనా," అంది.

శ్మశానం దగ్గరికి వచ్చేసరికి మెత్వల్లి కాళ్ళు సాగలేదు. "పెట్టినదాన్ని తియ్యడం పాపం కాదా అమ్మా? మా అమ్మ పక్కన పెట్టాను. ఆమె ఏమనుకుంటుంది?"

"మనవరాలికి పాలుండాలనుకుంటుంది," అంది ఇన్సాఫ్.

అతను కదల్లేదు. సమాధులు చూసే ముసలివాడు అంతా విని, గునపం తానే అందుకున్నాడు. "నీ చేతులతో పెట్టినదాన్ని నీ చేతులతో తియ్యొద్దులే కొడకా. అటు తిరిగి నిలబడు. నేను తీస్తాను. పాపమేమైనా ఉంటే నేనూ దేవుడూ చూసుకుంటాం." తవ్వుతున్నంతసేపూ ముసలివాడు మెత్వల్లి తల్లి పేరెత్తి, "ఏమీ అనుకోకమ్మా, ఏమీ అనుకోకు," అంటూనే ఉన్నాడు.

గుడ్డ బయటికి వచ్చింది. తడిసి నల్లబడింది. చీమలు పట్టాయి. విప్పగానే వచ్చిన కంపుకి, ఇన్నేళ్ళ పనిలో ఉన్న ఇన్సాఫ్‌కే కళ్ళు తిరిగాయి. కొవ్వంతా జిగురై వేళ్ళకు అంటుకుంది. మధ్యలో మాత్రం నిమ్మకాయంత గడ్డ గట్టిగా ఉంది. చీమల్ని ఊది, సీసాలో వేసింది.

తిరుగు మైక్రోబస్సులో ఆ కంపు దాగలేదు. డ్రైవరు ఉమ్మాడు. ఎవరో "చచ్చిన ఎలకను మోసుకెళ్తున్నారా?" అన్నారు. పక్కన జామపళ్ళ బుట్టతో కూర్చున్న ఆడమనిషి మాత్రం అదేమిటని అడగలేదు. కిటికీ తెరిచి, బుట్టలోంచి పుదీనా కట్ట ఒకటి తీసి ఇన్సాఫ్ ఒళ్ళో పెట్టి, అటు తిరిగి కూర్చుంది.

ముక్క మందునీళ్ళలో నాని, మైనం పట్టి, పలక మీదికి ఎక్కేసరికి గురువారం మధ్యాహ్నమైంది. రేపు శుక్రవారం, సెలవు. ఎల్లుండి శనివారం. ఇన్సాఫ్ పలకను డాక్టరు ముందు పెట్టింది.

"తీసెయ్ ఇన్సాఫ్. చూస్తేనే కంపు కొడుతోంది."

"చూడండి డాక్టర్. చూడకపోతే మీ వ్యాసానికి పలకలు ఇకమీదట మీరే కోసుకోండి."

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలుతున్నాను. నా గొంతే అంత."

వగీహ్ విసుక్కుంటూ కన్ను ఆనించాడు. కాసేపటికి విసుగు పోయింది. పలకను అటూ ఇటూ జరిపాడు. "అంచులన్నీ పోయాయి. ఇంకా లోపలినుంచి కొయ్యి." ఆమె కోసి తెచ్చింది. "ఇంకా లోపలినుంచి." మళ్ళీ తెచ్చింది. టీ చల్లారిపోయింది, అతను చూసుకోలేదు. చివరికి వెనక్కి వాలాడు. "క్యాన్సర్ కాదు. పాలిచ్చే తల్లులకు ఒక్కోసారి కట్టే గడ్డ. గడ్డంతా తీసేశారు కాబట్టి ఇక ఏమీ చెయ్యక్కర్లేదు. నేను సంతకం పెడతాను."

అల్‌హందులిల్లా అనుకుంది ఇన్సాఫ్. ఆ మనిషి చూపు ఎంత మంచి చూపో ఆమెకు ఎప్పుడూ తెలుసు. అంత మంచి చూపు దేవుడిస్తే, దాన్ని తెరిపించడానికి ఒకరు బెదిరించాలా?

వగీహ్ కలం మూస్తూ హుషారుగా అన్నాడు: "ఇదీ రాయదగ్గదే సుమా. సమాధిలోంచి తీసిన గడ్డ మీద ఎవరూ రాసుండరు. నువ్వు ఆ గోతి ఫొటో ఏమైనా తీశావా?"

ఇన్సాఫ్ సంతకం ఆరిందో లేదో చూసింది. కాగితం తీసుకుని మెట్లెక్కింది. పైన సర్జన్ ఆవులిస్తూ ఆపరేషన్ల జాబితాలో బదరియా పేరు కొట్టేశాడు. "మంచిదే. శనివారం త్వరగా ఇంటికి పోవచ్చు," అన్నాడు.

వార్డులో బదరియా, ఒళ్ళో పాపతో, అంతా వింది. క్యాన్సరన్న మాటను ఆమె ఒక్కసారి కూడా పలకలేదు. "అయితే ఇక రెండువైపులా పట్టొచ్చా అమ్మా?"

"కుట్లు మానగానే పట్టు తల్లీ."

మెత్వల్లి వరండాదాకా వెంట వచ్చాడు. "మిగిలింది ఏమైనా ఉంటే ఇస్తారా? మళ్ళీ పెట్టి వస్తాను." ఇన్సాఫ్‌కు నవ్వు రాలేదు. మైనంలో ఉన్నది ల్యాబులోనే ఉండాలని చెప్పి, మిగిలినదాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి అతని రెండు చేతుల్లో పెట్టింది. అతను దాన్ని శాలువా కింద దాచుకుని వెళ్ళాడు.

శనివారం ఇన్సాఫ్ ఒక బకెట్టులో సీసాలు పేర్చుకుని, మందునీళ్ళ డబ్బా పట్టుకుని, ఆపరేషన్ గది తలుపు దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. లోపలినుంచి షహాత వచ్చాడు, ముడేసిన తొడుగు ఊపుకుంటూ. ఎదురుగా ఒక ముసలాయన భయంభయంగా లేచి నిలబడ్డాడు.

"ఏం ఇన్సాఫమ్మా, ఇక్కడ ముష్టికి కూర్చున్నావా?"

"అవును," అని ఆమె చెయ్యి చాపింది. "ఇలా ఇయ్యి."

షహాత చుట్టూ చూశాడు. ముసలాయన చూస్తున్నాడు, నర్సులు చూస్తున్నారు. తొడుగును ఆమె అరచేతిలో పడేసి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అది ఇంకా వెచ్చగా ఉంది, రబ్బరులోంచి నెత్తురు కారుతోంది. ఆమె ఒక సీసా మూత తీసి పక్కన పెట్టుకుంది. బిస్మిల్లా అనుకుని ముడి విప్పింది.