టీటీ టై నమిలిన మేక

సైకిల్ తొక్కడం నాకు ఏ రోజు వచ్చిందో గుర్తుంది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక రోడ్డు మీద, మా నాన్న సీటు వదిలేసిన సంగతి తెలియక మలుపు దాకా వెళ్లిపోయాను. చదవడం ఏ రోజు వచ్చిందో మాత్రం చెప్పలేను. ఒకప్పుడు అక్షరాలు నాకూ వట్టి గీతలే అయి ఉంటాయి. తర్వాతెప్పుడో అవి మాట్లాడటం మొదలుపెట్టి ఉంటాయి. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో నాకు జ్ఞాపకం లేదు. ఎవరిని అడిగినా అంతే అంటారు. అందుకే అదేదో ఊపిరి పీల్చడం లాంటిదనీ, పిల్లని బళ్లో వేస్తే దానంతటదే వస్తుందనీ అనుకున్నాను. అది వచ్చే దారిని కళ్లారా చూసింది మా పాప దగ్గర. చూసే అర్హత నాకు లేకపోయినా చూశాను.

అప్పుడు పాప, ఈ బెంగాలీ ఊళ్లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న తెలుగు బడిలో రెండో తరగతి చదువుతోంది. బడి తెరిచిన కొత్తలో టీచర్ తల్లిదండ్రులందర్నీ పిలిచి, ప్రతి బిడ్డ చేతికీ ఒక పల్చటి బొమ్మల పుస్తకం ఇచ్చి పంపుతామని చెప్పారు.

"మీరు పాఠం చెప్పక్కర్లేదండి. పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టండి. కథ చెప్పేవాళ్లకి ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి కదా!"

అందరూ నవ్వారు. ఓస్, ఇంతేనా అనుకున్నాను నేను.

మా ఆవిడ ప్రేమ్ బజార్‌లో ఒక జిరాక్సు షాపులో పనిచేస్తుంది. ఆమె ఇంటికి చేరేసరికి చీకటి పడిపోతుంది. నేను రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మరమ్మతు పని చేస్తాను. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాను కాబట్టి ఊఁ కొట్టే పని నా వంతుకొచ్చింది. పాప వరండాలో పుస్తకం పట్టుకుని నా పక్కన కూర్చునేది. నేను ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్‌లో క్రికెట్ చూస్తూ ఊఁ కొట్టేవాణ్ణి. వికెట్ పడితే నా ఊఁ కొంచెం పెద్దదయ్యేది. అది తన కథ మహిమే అనుకుని పాప ఇంకా హుషారుగా అందుకునేది. గడప దగ్గర బియ్యం ఏరుకుంటూ మా అమ్మ కూడా వినేది. ఆమెకు చదువు రాదు. మనవరాలి కథలంటే మాత్రం ప్రాణం. కొళాయి దగ్గర నలుగురికీ చెప్పుకునేది.

"మా గుంట మెయిలు బండి ఎల్లినట్టు సదువుతాది. మద్దిలో ఎక్కడా ఆగదు."

చలి తగ్గుతున్న రోజుల్లో టీచర్ నన్ను రమ్మని కబురు పంపారు. కూర్చోబెట్టి, "పాప చదవలేకపోతోందండి" అన్నారు.

నాకు కోపమొచ్చింది. "అదేటి మేడమ్? రోజూ నా పక్కనే కూర్చుని సదువుతాది. నేను వింటన్నాను కదా!"

ఆమె పాపని పిలిచి, ఇంటికి పంపిన పుస్తకాల్లోదే ఒకటి తెరిచి చేతికిచ్చారు. "నాన్నకి చదివి వినిపించమ్మా."

పేజీలో ఒక మేక బొమ్మ, ఆకుకూరల బుట్ట. కింద పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు. మేక సంతకు వెళ్లింది. ఆకులు తిన్నది. పాప వేలు పెట్టి మొదలుపెట్టింది.

"అనగనగా ఒక మేక. అది గిరిమైదాన్ టేసన్‌లో లోకల్ బండి ఎక్కీసినాది. టిక్కెట్టు నేదు. మేదినీపూర్ సంతకి ఎల్తాదంట. టీటీ వచ్చి 'ఏయ్, టికట్ దిఖావ్' అన్నాడు. మేక ఏటీ అన్నేదు. టీటీ వొంగి మళ్లీ అడిగినాడు. అప్పుడు మేక టీటీ టై నమిలీసినాది."

వేలు ఎడమ నుంచి కుడికి, వరస తప్పకుండా నడుస్తూనే ఉంది. మేక, సంత తప్ప ఆ పేజీలో ఉన్న మాట ఒక్కటీ ఆమె నోట రాలేదు. టీచర్ అరచేత్తో బొమ్మని మూశారు. పాప గొంతు ఆగిపోయింది. వేలు మాత్రం అక్షరాల కిందే ఉండిపోయింది, దారి తప్పినవాళ్లు నిలబడిపోయినట్టు.

పాపని ఆటకి పంపేశాక టీచర్ చెప్పారు. "క్లాసులో అందరూ కలిసి చదివేటప్పుడు తనూ గొంతు కలిపేస్తుంది. నేనూ ఆలస్యంగానే పట్టుకున్నాను. తప్పు నాది కూడా. మూడో తరగతి నుంచి ప్రతి పాఠమూ తనంతట తాను చదివి తెలుసుకోవాలి. ఇప్పుడు అందుకోకపోతే ఏటికేడాది వెనకబడుతుంది." కొంచెం ఆగి, "అది సరే, ఆ కథ విన్నారా మీరు?" అన్నారు. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

విన్నాను. మొదటిసారి విన్నాను. ఇన్ని నెలలుగా నా మోచేతి పక్కన ఎన్ని మేకలు ఎన్ని రైళ్లు ఎక్కాయో నాకు తెలీదు. ఆ మాట టీచర్‌తో అనడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చి అంతకన్నా చెడ్డపని చేశాను. నా సిగ్గుని కోపంగా మార్చి పిల్ల మీద పెట్టాను.

"ఇన్నాళ్లూ నాకు అబద్దాలు సెప్పినావా?"

పాప బెదిరిపోయి చూసింది. "నువ్వు ఊఁ అన్నావు కదా నాన్నా!"

మా అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "దాన్నెందుకురా తిడతావు? అది అబద్దమే సెప్పినాదనుకో, రోజూ పక్కన కూకుని సాచ్చికం సెప్పినోడివి నువ్వు."

మర్నాటి నుంచి పాప పుస్తకం ముట్టుకోలేదు. కథలూ ఆగిపోయాయి. బడి నుంచి రాగానే నానమ్మ వెనక్కి చేరేది. నేను ఫోన్ లోపల పెట్టేసి వచ్చి, "రామ్మా, సదువు" అని పిలిస్తే, "నాకు రాదు" అనేది తల ఎత్తకుండా. చదువు రాకపోవడం ఒక భయం. వచ్చిన కథ కూడా నా అరుపుతో పోయిందేమోనన్నది దాన్ని మించిన భయం. నాలుగు రోజులు ఓర్చుకుని మళ్లీ బడికి వెళ్లాను. ఈసారి ఫోన్ సంగతి, అరిచిన సంగతి, అన్నీ టీచర్‌కి చెప్పేశాను.

ఆవిడ అంతా విని, "పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టండి. పాప కథ చెబుతుంటే మీరు రాయండి. తను అన్నది అన్నట్టే రాయండి, మీరు దిద్దకండి. తన మాట తన కళ్లముందు కనబడాలి" అన్నారు.

వ్యాగన్ల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఒకటి నా చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఆ ఆదివారం పొద్దున్న వరండా గచ్చు శుభ్రంగా తుడిచి, సుద్దతో కూర్చుని, "అమ్మా, ఆ మేక కథ ఏటి?" అని మా అమ్మని అడిగాను.

మా అమ్మకి నా ఎత్తు అర్థమైంది. "ఏటుంది? మేక బస్సెక్కినాది..."

"బస్సు కాదు నానమ్మా, లోకలు!"

"అదేలే. డ్రైవరు టిక్కెట్టు అడిగినాడు..."

"డ్రైవరు అడగడు! టీటీ!" పాప ఇక ఆగలేకపోయింది. వెనక నుంచి ముందుకొచ్చి, నా వైపు చూడకుండా, నానమ్మకి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. నేను గచ్చు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తూ పోయాను. కాసేపటికి నా చెయ్యి వైపు చూసింది.

"ఏటి రాస్తన్నావు?"

"నువ్వు సెప్పిందే."

"అయితే సదువు."

వేలు పెట్టి చదివాను. "మేక టీటీ టై తిన్నది."

"నేనలాగ అన్నేదు. నమిలీసినాది అన్నాను."

నిజమే. టీచర్ చెప్పి పంపినా నేను దిద్దేశాను. మా ఇంటి మాట కాగితానికి పనికిరాదన్నది చిన్నప్పుడే నా బుర్రలో నాటుకుపోయింది. తిన్నది అన్న మాటని చేత్తో చెరిపి, పిల్ల మాటని వరండా అంచు దాకా సాగదీసి రాశాను. పాప లేచి దాని మొదట్లో నిలబడింది. ఒక్కో అక్షరం మీద ఒక్కో పాదం వేస్తూ, న... మి... లీ... అంటూ మెల్లగా నడిచింది. గొంతూ కాలూ ఒక్కసారే చివరకి చేరాయి. వెనక్కి తిరిగి ఆ తెల్లటి వరసని చూసింది. "ఇది నేను అన్నదే!" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. నోట్లోంచి వచ్చి గాలిలో కలిసిపోవాల్సిన మాట నేల మీద నిలబడి ఉంది. పొద్దున్నే పేపరు చదివే నేను ఈ వింతని ఒక్కసారైనా చూడలేదు.

ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి బడికి పంపాను. టీచర్ దాన్ని మాటలు మాటలుగా కత్తిరించి, కలిపేసి, మళ్లీ పేర్చమన్నారట. ఆ ముక్కలు ఇంటికి తెచ్చుకుని పాప మంచం మీద పరిచింది. మేక, టీటీ, టై, నమిలీసినాది. ఊరికే మేకనీ టీటీనీ అటూ ఇటూ మార్చింది. చదువుకుంది. ఒక్క క్షణం ఆగి, పడీ పడీ నవ్వింది.

"నానమ్మా! ఇప్పుడు మేకకే టై ఉంది! టీటీ నమిలీసినాడు!"

రెండు కాగితం ముక్కలు కదిపితే లోకం తారుమారైపోయింది. వ్యాగన్‌లో ఒక చక్రం మార్చాలంటే మాకు క్రేన్ కావాలి.

అక్కడి నుంచి అంతా సాఫీగా సాగిందని చెప్పను. ఒత్తులు వస్తే ఏడ్చేది. ఒక రోజు చదివిన మాట మర్నాడు గుర్తుపట్టేది కాదు. టీచర్ బడి గంట కొట్టకముందే పిలిచి కాసేపు కూర్చోబెట్టుకునేవారు. ఆదివారాలు మా ఆవిడ పప్పుల డబ్బాల మీద పేర్లు రాయించేది. నేను పక్కన కూర్చునేవాణ్ణి. తొందరపడి మాట అందించబోయి పెదవి కొరుక్కున్న సందర్భాలు చాలా ఉన్నాయి. అందించేసి పాప ముఖం వాడిపోవడం చూసిన సందర్భాలూ ఉన్నాయి.

ఒకసారి ఆటోలో ఇందా అనే పేటకి వెళ్తుంటే పాప దారి పొడుగునా షాపుల మీది బెంగాలీ బోర్డులనే చూస్తోంది. "నాన్నా, ఇవన్నీ కూడా ఎవరో ఒకలు అన్న మాటలేనా?"

"అవునమ్మా."

"ఇన్నా!" అంది. నేను కూడా తలెత్తి చూశాను. పుట్టి పెరిగిన ఊళ్లో ఆ రోజు బోర్డులన్నీ నాకు గొంతులతో కనబడ్డాయి.

మూడో తరగతి మొదలై, వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం పాప బడి నుంచి కొత్త పుస్తకం తెచ్చుకుని వరండాలో కూర్చుంది. ఇంట్లో ఎవరమూ చదవని పుస్తకం అది, బొమ్మలు కూడా తక్కువే. నేను పక్కన చేరి, పైకి చదవడం మొదలుపెడుతుందని ఎదురుచూశాను. మొదట పెదవులు కదిలాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి. కళ్లు మాత్రం వరస వెంట వరస దిగుతున్నాయి. మళ్లీ తెలియక ఆగిపోయిందేమోనని భయపడ్డాను. అంతలో కిసుక్కున నవ్వింది.

"ఏటయింది?" అని అడిగాను.

పాప తలెత్తలేదు. చెయ్యి మాత్రం నా వైపు చాచి, "ఉండు నాన్నా" అంది.

ఆ పేజీలో ఏం జరిగిందో నాకు తెలీదు. ఆమె పేజీ తిప్పింది.